పాత యంత్రానికి కొత్త కార్డు

వయసులో ఉన్నవారి కోరికలు పెద్దవి, చేతిలోని సొమ్ము చిన్నది. ఈ రెంటినీ సరిచూచుకొని ఒక వస్తువును ఎన్నుకోవడం కూడ చదువులో భాగమేనని నా నమ్మకం.

వనపర్తిలో మా ఆపా ఇంట ఒక పాత కంప్యూటరు ఉన్నది. ఒక కార్యాలయంవారు వాడి అమ్మివేసిన దానిని ఆమె తన కుట్టుపని సంపాదనతో కొన్నది. అందులోనిది ఇంటెల్ నాల్గవ తరం ఐ5 ప్రాసెసరు, అనగా 2013 నాటి సరుకు. పగలు దానిమీద నా మేనకోడలు డిగ్రీ పాఠాలు చదువుకొంటుంది. రాత్రి మేనల్లుడు ఆటలాడుతాడు. రెండు పండుగల ఈదీని, వేసవిలో ఒక దుకాణంలో చేసిన పనికి వచ్చిన కూలిని కూడబెట్టి, అతడు ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొనదలచాడు. "మామూ, మీరు అమ్మీకి ఒక్క మాట చెప్పండి" అని నన్ను ఆశ్రయించాడు.

ఆటలు వ్యర్థమని కొట్టివేయడం సులభం. కాని తన కష్టార్జితాన్ని వెచ్చించదలచిన వానికి ఉపదేశం కన్న లెక్క మేలని తోచి, ఇద్దరమూ కలిసి పరిశీలనకు పూనుకొన్నాము.

1920 అడ్డం, 1080 నిలువు గల తెరమీద 20,73,600 చుక్కలుంటవి. సెకనుకు 60 మారులు బొమ్మ మారవలెనన్న, ఆ ఒక్క సెకనులో 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయించవలసి ఉంటుంది. ఈ పనిని వందలాది చిన్న గణకాలకు పంచి ఏకకాలంలో చేయించేదే గ్రాఫిక్స్ కార్డు. అంత పనికి తగిన విద్యుత్తు కావలె కదా!

చిక్కు అక్కడనే వచ్చింది. 3060 ఒక్కటే 170 వాట్లు వాడుకొంటుంది. దానికి 550 వాట్ల పవర్ సప్లై ఉండవలెనని తయారీదారుల సూచన. మా పెట్టెలోని సప్లైమీద రాసి ఉన్నది 240 వాట్లు. పైగా దాని తీగల అమరిక ఆ కంపెనీకే ప్రత్యేకం. బజారులో దొరికేది నేరుగా అమరదు. "సప్లై కాలిపోతే ఆగేది నీ ఆట ఒక్కటేనా?" అన్నాను. అతడు చెల్లెలి పుస్తకాలవైపు చూచి ఊరకున్నాడు.

ఇక మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకొనగల కార్డులను వెదకినాము. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400కు 53 వాట్లు చాలును. కాని అది స్లాటులో నాలుగు దారులనే వాడుకొంటుంది. మా పాత బోర్డులో ఆ దారుల వేగం సగమే. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050కి 70 వాట్లు చాలును గాని, ధర అతని సొమ్మును మించింది. మిగిలినది 2019 నాటి జీటీఎక్స్ 1650. పెట్టె సన్ననిది గనుక అందులోను తక్కువ ఎత్తుదే కావలె.

గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు దారాల గుణాలు వేరు. అవి కలిసే చోట నేతగాడు పోగుకు పోగు పెనవేస్తాడు. పట్టు ఎంత ఖరీదైనదైనా, ఆ కలయిక నిలువకున్న చీర నిలువదు. పాత యంత్రానికి కొత్త కార్డు చేర్చడమూ ఇట్టిదే.

సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వాడిన 1650 ఒకటి దొరికింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగు నిలిచిన పిమ్మట, రాత్రింబగళ్లు నలిగిన కార్డులెన్నో బజారుకు వచ్చినవి. అందుచేత అరగంటసేపు దుకాణంలోనే ఆట నడిపించి, వేడిని, పంకా చప్పుడును గమనించి సొమ్ము చెల్లించినాము. మిగిలిన దానితో 8 జీబీ ర్యామ్ కొన్నాడు. ఇప్పుడు చెల్లెలి పాఠాలు కూడ త్వరగా తెరుచుకొంటున్నవి.

3060 మీది మోజు అతనికి తీరలేదు. తీరవలెనని నేనూ కోరను. అయితే దానిని కొనేముందు ఏమేమి మార్చవలెనో, ఏది ఎన్ని వాట్లు అడుగుతుందో ఇప్పుడతడు వరుసగా చెప్పగలడు.