సగం స్ట్రిప్

ముందే చెప్పేస్తున్నా, నా తెలుగు కొంచెం వీక్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఒత్తులు తప్పితే మా క్లబ్ వాళ్లు సరిచేస్తారని ధైర్యం చేశా. రాసేది కూడా మనం బయటికి మాట్లాడుకోని విషయమే: యూరిన్ ఇన్ఫెక్షన్.

ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లో, ల్యాబ్ ఎగ్జామ్స్ ముందు నాకొచ్చింది. హాస్టల్ అమ్మాయిలకు ఇది కొత్తేం కాదు. మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవాల్సొస్తుందని నీళ్లు తాగడమే తగ్గించేస్తాం. డాక్టర్ సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు, ఐదు రోజులకు పది టాబ్లెట్లు. రెండు రోజులకే మంట పోయింది. మూడో రోజు ఎగ్జామ్ టెన్షన్‌లో మర్చిపోయా, ఆ తర్వాత మానేశా. మిగిలిన ఆరు పౌచ్‌లో పడేశా.

దసరా సెలవులకు గద్వాల దగ్గర మా ఊరికి పోయా. మా నడిగడ్డలో అప్పుడు సీడ్ పత్తి పని నడుస్తుంటుంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పాలి, మర్నాడు పొద్దున వాటికి మగ పువ్వు రాయాలి. చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. చేన్లో చాటు ఉండదు, చుట్టూ మగవాళ్లు. అందుకే మా అవ్వ పొద్దున గ్లాసు నీళ్లు తాగి పోతే మళ్లీ ఇంటికొచ్చాకే ఒంటికి పోయేది. నేను హాస్టల్‌లో చేసిందే అవ్వ చేన్లో చేస్తోంది.

ఒక రాత్రి నా పక్కన పడుకుని చెవిలో చెప్పింది. "బిడ్డా, ఒంటికి పోతే మంటగుంటుంది. మీ నాయనకు చెప్పకు."

"దవాఖానకు పోదాం అవ్వా."

"పోతే ఆ దినం కూలి పాయె. ఆడ మొగ డాక్టర్ ఉంటే ఏమని చెప్పాలె?"

నాకు పౌచ్ గుర్తొచ్చింది. అదే మంట, అదే మందు. చదువుకున్నదాన్నన్న ధీమా ఒకటి. ఆరు టాబ్లెట్లూ ఇచ్చేశా. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. ఆ రోజు అది నాకు డిజైన్‌లాగే కనిపించింది.

నాలుగో రోజు అవ్వకు చలి జ్వరం, నడుము పక్కన పోటు. మా వైపు వాళ్లు పెద్ద రోగమొస్తే చేసేదే చేశాం, కర్నూలుకు తీసుకుపోయాం. అక్కడ మేడమ్ అడిగారు, "ముందు ఏమైనా టాబ్లెట్లు వేసుకుందా?" అవ్వ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశా. తర్వాత చెప్పా.

మూత్రం కల్చర్‌కి పంపారు. అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో చూడటం. మూడో రోజు రిపోర్ట్ వచ్చింది. పైన ఈ.కోలి అని పేరు, కింద మందుల టేబుల్, ఒక్కో మందు పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే పని చేస్తుంది, ఆర్ అంటే చేయదు. సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ఆర్. దాని కింద ఇంకో నాలుగు ఆర్‌లు. నైట్రోఫ్యూరాంటోయిన్‌కి ఎస్ చూసి, "ఇది టాబ్లెట్టే కదా మేడమ్" అన్నా. అది మూత్రాశయంలోనే బాగా పని చేస్తుందని, కిడ్నీ దాకా ఎక్కాక చాలదని చెప్పారు. అవ్వకు వారం రోజులు ఇంజెక్షన్లు. సీజన్‌లో సంపాదించిన కూలి చాలావరకు అక్కడే అయిపోయింది.

ఆ వారం బెడ్ పక్కన కూర్చుని ఫోన్‌లో ఇదే చదివా. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పడే మెలికలను గైరేజ్ అనే ఎంజైమ్ విప్పుతుంది. సిప్రో దాన్ని పట్టుకుని బ్యాక్టీరియాను చంపుతుంది. ఆ ఎంజైమ్ కోడ్‌లో ఒకటి రెండు అక్షరాలు మారితే చాలు, మందు పట్టు జారిపోతుంది. మందు వేసినప్పుడు మామూలువి చస్తాయి, మారినవి మిగిలి పెరుగుతాయి. పైగా బ్యాక్టీరియా దగ్గర ప్లాస్మిడ్లు ఉంటాయి, పెన్‌డ్రైవ్‌ల లాంటివి. మందును తట్టుకునే కోడ్ ఒకటి ఇంకోదానికి ఇచ్చేస్తుంది, వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా. ఎన్‌డీఎం-1 అనే పేరున్న జీన్ మొదట దొరికింది 2008లో, స్వీడన్‌లో. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్లిన ఒకాయన మూత్రంలో.

మన పక్కనే ఇంకోటి ఉంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో పేపర్ వేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. టాబ్లెట్ వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే చాలా ఎక్కువ.

ఇది చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంచెం రిలీఫ్ అనిపించింది. తప్పు నా ఒక్కదానిదే కాదన్నమాట. మేడమ్ కూడా అదే అన్నారు. ఆ బ్యాక్టీరియా అవ్వ ఒంట్లో ముందు నుంచే ఉండొచ్చు, నీ ఆరు టాబ్లెట్లు దాన్ని పుట్టించలేదు అని. కానీ ఇంకో మాట కూడా అన్నారు. "నాలుగు రోజులు పోగొట్టావు. ఆ నాలుగు రోజుల్లోనే అది కిడ్నీకి ఎక్కింది."

డిశ్చార్జ్ రోజు అవ్వ ఇంకో సంగతి బయటపెట్టింది. నాకంటే ముందే పక్కింటామె రెండు గోలీలు ఇచ్చిందట. ఆమెకు వాళ్ల చెల్లెలు ఇచ్చిందట, వనపర్తి నుంచి. నాగర్‌కర్నూల్‌లో ఉండే మా మేనత్త కూడా మెడికల్ షాపులో "మంట గోలీ" అని అడిగి తెచ్చుకుంటుందట. ఇన్నేళ్లుగా వీళ్లందరికీ మంట ఉంది, ఒక్కరూ మగవాళ్ల ముందు నోరు విప్పలేదు. గోలీలు మాత్రం కొంగుల్లో ఊళ్లు తిరుగుతున్నాయి. తెలివి లేక కాదు. కూలి పోతుంది, దవాఖాన దూరం, చెప్పాలంటే సిగ్గు. చదువుకున్న నేను చేసిందీ అదే. అవ్వ రహస్యాన్ని కాపాడా, అవ్వను కాదు.

దూరం ఇప్పుడు తగ్గింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మెడికల్ కాలేజీ అంటే మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. కల్చర్ కోసం తుంగభద్ర దాటే రోజులు పోవాలి.

పోయిన వారం అవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, పక్కింటామెకు మళ్ల మంటంట. ఏం గోలీ చెప్పమంటావ్?"

"గోలీ నేను చెప్పను అవ్వా. ఏదీ వేసుకోకముందే డాక్టర్‌కు చూపించి, ల్యాబ్‌కి పోయి ఒంటికి టెస్ట్ చేయించుకోమను."

కాసేపు చప్పుడు లేదు. వెనక మా నాయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అవ్వ గొంతు తగ్గించలేదు.

"ఒక్కతే పోదు అది, సిగ్గుపడ్తది. రేపు నేనే తోల్కపోత."