మూసీ కింద మడి

సంగెం దగ్గర మూసీ మీదున్న లోలెవల్ బ్రిడ్జి తూముల్లోంచి నురగ పొంగి, గాలికి రోడ్డు మీదికొచ్చి పడుతోంది. హైదరాబాద్ స్నానాలు చేసి, బట్టలుతికి వదిలిన సబ్బు అది. బండ్ల మీద పోయేవాళ్లు దానివైపు చూడరు, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దాటిపోతారు.

వలిగొండ మండలంలోని ఈ ఊరు 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. అది రాతిలోంచి నీళ్లలోకి దిగింది, దాన్నెవరూ పంపలేదు. మూసీ సంగతి వేరు. 1908 వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. పైనుంచి వచ్చే నీళ్లు అక్కడే ఆగిపోయాయి. నగరం పెరిగినకొద్దీ కిందికి వచ్చేది ముఖ్యంగా మురుగే అయింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఆ మురుగే లేకపోతే ఏటికి అడ్డంగా కట్టిన ఈ కత్వల కింద యాసంగి పంట ఇంత ధీమాగా ఉండేది కాదు.

నేను వెళ్లింది నాట్ల రోజుల్లో. మడిలో దిగేముందు ఆడవాళ్లు మోకాళ్ల దాకా కొబ్బరినూనె పూసుకుంటున్నారు. పూసుకోకపోతే రాత్రంతా దురదేనట. గట్టు మీదున్న ఆసామి పిడికెడు బురద తీసి చూపించాడు. నల్లగా, జిడ్డుగా వేళ్లకు అంటుకుంది, కడిగినా వాసన పోలేదు.

"యూరియా అక్కర్లేదు సారూ, ఈ నీళ్లల్లనే ఉంటది. పైరు నడుముదాక లేస్తది, గాలొస్తె పండుకుంటది. కోసి చూస్తే తాలే ఎక్కువ."

నత్రజని ఎక్కువైతే జరిగేది అదే. ఆకు ఏపుగా పెరుగుతుంది, కాండం పట్టు తప్పుతుంది, సుడిదోమ చేరుతుంది. ఈ బియ్యం మీరు తింటారా అని అడిగాను.

"వండితే మాపటికల్లా పాసిపోతది. మా ఇంటికి బోరు కింద అరెకరం వేరే పెడతం."

ఏటి ఒడ్డున బోరులో మాత్రం ఏ నీళ్లుంటాయి? ఆ మాట పైకి అనలేదు.

కత్వల వెనక నీళ్లు నిలిచి మడ్డి అడుగుకు చేరుతుంది కాబట్టి, దిగువకు పోయినకొద్దీ మూసీ కొంత తేటపడుతుందని ఇంటర్నేషనల్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చూశారు. సంతోషమే. మరి అడుగుకు చేరిన మడ్డి ఎక్కడికి పోయినట్టు? నీళ్లు ఆవిరైతే మడిలో ఉప్పు మిగులుతుంది. సీసం, క్యాడ్మియం లాంటి లోహాలు వస్తే బంకమట్టిని పట్టుకుని ఉండిపోతాయి. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లోహాన్ని కరిగించి మాయం చేయలేవు.

వరితో ఇంకో చిక్కుంది. మడిలో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం క్యాడ్మియం గంధకంతో కలిసి కదలకుండా ఉంటుంది. కోతకు ముందు మడి ఆరగట్టగానే విడివడి వేళ్లకు అందుతుంది, అక్కణ్నుంచి గింజకు. జపాన్‌లో జింజూ నది కింద ఇలాగే అయింది. గని వదిలిన నీళ్లతో పండిన అన్నం ఏళ్ల తరబడి తిన్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, మూత్రపిండాలు చెడి ఎముకలు విరిగాయి. 1968లో అక్కడి ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా ఒప్పుకుంది. సంగెంలో అంత ఉందని నేననడం లేదు. ఉందో లేదో ఈ ఆసామికి చెప్పేవాళ్లెవరు?

ఆయన ఇంట్లోంచి భూసార కార్డు తెచ్చాడు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన పథకం. 12 అంశాలున్నాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, లవణాలు, ఇలా. సీసానికి గడి లేదు, క్యాడ్మియానికీ లేదు. పంటకు ఏం తక్కువైందో చెప్పడానికి వేసిన కార్డది.

వడ్లు కొనుగోలు చేసే ఐకేపీ సెంటర్‌కు పంట పోతుంది. అక్కడ మీటర్ పెట్టి తేమ చూస్తారు, 17 శాతం దాటితే ఆరబోయమంటారు. తాలు చూస్తారు, రంగు చూస్తారు. బస్తా కుట్టాక అవి మూసీ వడ్లో బోరు వడ్లో మిల్లులో ఎవరికీ తెలియదు, రేషన్ షాపులో అసలే తెలియదు.

2024 నవంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ ఊరికే వచ్చి మూసీ వెంట పాదయాత్ర చేశారు, నదిని బాగుచేస్తామన్నారు. ఆసామి కోరేది చిన్నదే: నీళ్లు ఆపొద్దు, శుద్ధి చేసి వదలాలి. బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతోందట.

"ఆడ ఏం బియ్యం వండుతరో మరి," అన్నాడు, కార్డు మడతపెడుతూ.