బిడ్డల మనోవర్తి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్ రాళ్లగుట్టల నడుమ ఒక క్రొత్త నగరం వెలసింది. ఆ నగరపు జీతాలు పెద్దవి. ఆ జీతం తెచ్చే తండ్రి ఇల్లు విడిచిన నాడు, బిడ్డలకు అందులో భాగమున్నదా అనే ప్రశ్న మా ముందుకు వచ్చింది.

పోయిన విద్యాసంవత్సరం మా విద్యార్థిని ఒకతె ఫీజు గడువు కోరి వచ్చింది. తండ్రి అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లి ఖులా తీసుకొని, టోలీచౌకీలో కుట్టుపని చేస్తూ, ఈమెనూ పదకొండేండ్ల తమ్ముణ్ణీ సాకుతున్నది.

"ఏమీ అడగనని అమ్మీ కాగితం రాసిచ్చింది సార్. ఇక మేమేం అడుగుతాం?" అన్నది.

మేము నిరుత్తరులమయ్యాము. పద్యాలకు అర్థం చెప్పే మాకు ఈ కాగితానికి అర్థం తెలియదు. సిగ్గుపడి, పరిచితుడైన ఒక న్యాయవాదిని ఆశ్రయించాము.

తల్లి తన హక్కును వదులుకొనవచ్చునుగాని, బిడ్డల హక్కును వదులుకొనే అధికారం ఆమెకు లేదని ఆయన వివరించారు. షరియత్‌లోనూ పెంపకం తల్లి చేతిలో ఉన్నా నఫ్ఖా భారం తండ్రిదే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను వచ్చింది. దానికి మతభేదం లేదు. ముస్లిం కుమారునికి యుక్తవయస్సు వచ్చేవరకో, తన్ను తాను పోషించుకొనగలిగే వరకో, కుమార్తెకు వివాహమయ్యే వరకూ ఈ హక్కు కలదని సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. నెలకు 500 రూపాయలకు మించరాదన్న పాత హద్దు 2001లో తొలగింది. 2020 తీర్పు ననుసరించి ఉభయులూ తమ ఆదాయాన్ని ప్రమాణపత్రంలో చూపాలి. మనోవర్తి దరఖాస్తు తేదీ నుండే లెక్కకు వస్తుంది. స్త్రీలకూ బాలలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇదంతా చెప్పగా ఆ అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉండి, "అబ్బా పరువు పోదా సార్?" అన్నది.

"బిడ్డను పోషిస్తే ఏ తండ్రి పరువూ పోదమ్మా" అన్నాము.

తల్లీ కూతుళ్లు దరఖాస్తు పెట్టారు. తీర్పు ఇంకా రాలేదు. ఈలోగా పరీక్షలు ఆగవు. అటువంటి విద్యార్థులకు ఫీజు గడువు పొడిగించి, ఏడాదికొకసారి ఒక న్యాయవాది చేత ఇక్కడ మాట్లాడించవలసిందిగా కళాశాల కమిటీవారికి మా విన్నపం. విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే: మనోవర్తి అడగడం భిక్ష కాదు, తండ్రిపై పగ అంతకన్నా కాదు. అది మీ అన్నం.