గొలుసు విప్పినంక

ఎల్లారెడ్డి దగ్గరి మా తండాలో కాళూకు గేటంటే ఏమిటో తెలియదు. పగలు మేకల వెంట పోయేది, రాత్రి వాకిట్లో పడుకునేది. పిల్లల చదువుల కోసం కామారెడ్డిలో ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడు దాన్నీ వెంట తెచ్చుకున్నాం.

పొద్దున ఎనిమిదింటికి పిల్లలు బడికి, మేమిద్దరం పనులకు. తాళం పడగానే కాళూ మొరుగుడు మొదలయ్యేది. సాయంత్రానికి గేటు కింద మట్టి తవ్వి ఉండేది. రెండుసార్లు తప్పించుకుని ఎల్లారెడ్డి రోడ్డు మీద దొరికింది. "కుక్కనన్నా పంపండి, ఇల్లన్నా ఖాళీ చేయండి" అన్నాడు ఇంటాయన. తండావాళ్లమని చెబితే ఇల్లు దొరకడమే కష్టమైంది మాకు. మళ్లీ ఎక్కడ వెతకాలి?

గొలుసు వేశాం. మెడ ఒరుసుకుపోయింది గాని మొరుగుడు తగ్గలేదు. తవ్విన గుంత చూపించి కొట్టాం. ఆ తర్వాత మేము వస్తుంటే తోక ఊపడం మాని మూలకు నక్కేది.

తండా నుంచి వచ్చిన యాడి చూసి, "ఎన్నడూ ఒక్కతీరు లేనిదాన్ని ఒక్కనాడే ఒంటరి చేస్తే అదేం చేస్తది బిడ్డా?" అన్నది. నిజమే. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తిరిగిన కాలంలో కుక్కలు బిడారు వెంటే నడిచేవి, రాత్రి కాపలా ఉండేవి. మనుషుల నడుమ బతికిన ప్రాణం అది.

పశువుల డాక్టరు కూడా అదే చెప్పాడు. ఎప్పుడో తవ్విన గుంతకు ఇప్పుడు కొడితే కుక్కకు అర్థం కాదు. మనం ఇంటికి రావడమే దెబ్బ అనుకుంటుంది. ఆపరేషన్ చేయిస్తే మగకుక్క ఆడకుక్కల కోసం తిరగడం తగ్గుతుంది గాని ఒంటరి భయం దానితో పోదు. ఆపరేషన్ చేయించాం, రేబిస్ టీకా వేయించాం, గొలుసు విప్పేశాం.

గేటు కింద బండలు పరిచాం. రోడ్డు కనబడకుండా గేటుకు గోనెసంచులు కట్టాం. తెల్లవారకముందే అరగంట నడిపించేవాళ్లం. అలసిన కుక్క పడుకుంటుంది. పోయేముందు జొన్నరొట్టె ముక్కలు పాత సంచిలో మూటగట్టి వేసేవాళ్లం. వెతుక్కుని తినడమే దానికి పని. యాడి పాత దుప్పటి దాని పక్క అయింది.

అసలు పని మెల్లగా అలవాటు చేయడం. తాళంచెవి చేతపట్టి మళ్లీ కూర్చునేవాళ్లం. ఒక్క నిమిషం బయటికి పోయి వచ్చేవాళ్లం. తర్వాత ఐదు నిమిషాలు, అరగంట. మొరిగిందంటే తొందరపడ్డామన్నట్టే, మర్నాడు సమయం తగ్గించేవాళ్లం. ఆ రోజుల్లో యాడి మా దగ్గరే ఉండి, మేము లేనప్పుడు దానికి తోడయింది. నెల దాటినంక సగం పూట ఉండగలిగింది.

అప్పుడే మా హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. మేమిద్దరం ఐదో తరగతిలోనే ఇల్లు విడిచినవాళ్లం. అక్కడ మన గోర్ మాట తెలిసిన సారు ఒక్కరూ లేరు. మాలో ఒకరు గోడ దూకి తండా దారి పట్టారు, పట్టుకొచ్చి కొట్టారు. ఆ దెబ్బలకు చదువు రాలేదు, భయం వచ్చింది. నిలబెట్టింది మాత్రం, ఆదివారం వస్తానని చెప్పి ప్రతి ఆదివారం వచ్చిన బాపు.

కాళూ ఉరుములకు ఇప్పటికీ మొరుగుతుంది. ఇంటాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. జూన్‌లో హాస్టల్ గేటు పట్టుకుని ఏడ్చే పిల్లలు ప్రతి ఏడూ వస్తారు. సార్లూ, మేడమ్‌లూ, గోడ ఎత్తు పెంచే ముందు వాళ్ల భాషలో ఒక్క మాట మాట్లాడండి. వాళ్ల అమ్మానాన్నలు మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పండి. ఆ రోజు వచ్చేలా చూడండి.