బాసరలో అడగని మాట

బాసరకు వెళ్ళివచ్చి రెండు నెలలు దాటింది. ఈ టపా అప్పుడే మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేశాను. ఈసారి చెరపకుండా పూర్తి చేయాలని కూర్చున్నాను.

మా కార్యాలయంలో నాతోబాటు పనిచేసే ఒకావిడ మీద నాకు మనసైంది. ఆవిడ భర్త మూడేళ్ళ క్రితం పోయారు. అయిదేళ్ళ కొడుకు. అత్తమామలతో కలిసి నిజామాబాదులో ఉంటారు. నాకు ముప్ఫై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. ఇందులో దాచవలసింది ఏముందని అడగవచ్చు. ఏమీ లేదు. అయినా ఏడాదిపాటు దాచుకున్నాను.

శనివారాలు బాబుకి బొమ్మల పుస్తకాలు పట్టుకెళ్ళేవాణ్ణి. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కథ చదివేవాణ్ణి. వాళ్ళమ్మ టీ తెచ్చి పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి కాసేపు వినేవారు. ఆ కాసేపటి కోసమే నా వారమంతా గడిచేది. "వాడంటే నాకు ముద్దు" అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

కన్యాశుల్కం తొలిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఇన్నేళ్ళుగా గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాం. అయితే అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో అతగాడు అడుగుపెట్టింది దేనికి? వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో. ఆ ఇంట్లో బుచ్చమ్మ ఉంది, ఉపన్యాసాలకు వితంతు వివాహం అనే విషయముంది. ఓ శనివారం బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని వాళ్ళ వీధి మలుపు తిరుగుతుండగా ఇది తట్టింది. ఆ రోజు నవ్వు రాలేదు.

బాబుకి అక్షరాభ్యాసం బాసరలోనే చేయించాలని వాళ్ళ తాతగారి పట్టుదల. వసంత పంచమికీ, వ్యాస పూర్ణిమకీ, దసరాల్లో మూలా నక్షత్రానికీ అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. అందుకని మామూలు రోజు చూసుకున్నారు. "సారు కూడా రావాలె" అని బాబు పేచీ పెట్టడంతో నన్నూ పిలిచారు. ఆ రోజు గోదావరి ఒడ్డున ఆవిణ్ణి అడిగేద్దామని లోలోపల నిశ్చయించుకున్నాను. సరస్వతి సన్నిధి, వ్యాసుడు గోదావరి నుంచి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి అమ్మవార్లను నిలిపాడని చెప్పుకునే చోటు. మంచి మాటకు ఇంతకన్నా మంచి తావు ఏముంటుందనుకున్నాను. ఎంత తెలివితక్కువ ఆలోచనో తర్వాత తెలిసింది.

మంటపంలో వరుసగా కుటుంబాలు. ప్రతి పిల్లవాడికీ అటు అమ్మ, ఇటు నాన్న, ముందు పళ్ళెంలో బియ్యం, పలక, బలపం. ఆవిడ మాత్రం స్తంభం దగ్గరే ఆగిపోయారు. మామగారు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారని, తాను దూరంగా నిలబడి చూడాలని ముందే అనుకుని వచ్చినట్టున్నారు. శుభకార్యాల్లో వెనక నిలబడడం ఈ మూడేళ్ళలో ఆవిడకి ఎవరూ చెప్పకుండానే అలవాటైపోయింది. పక్క వరుసలోని ఒక తల్లి ఎంతో ఆప్యాయంగా కొంచెం జరిగి, "నాన్నను కూడా ఇట్ల కూసోమనుండ్రి" అంటూ నాకు చోటు చూపించింది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఉన్నమాట ఒప్పుకోవాలి, వేశాను. ఆ చోటు నాదేనన్నట్టు ఒక్క క్షణం ఒళ్ళంతా వెచ్చబడింది.

అప్పుడు పెద్దాయన వెనక్కి తిరిగి, నన్ను కాదు, కోడల్ని చూసి, "నువ్వు కూసో బిడ్డా. వాన్ని నీ ఒళ్ళె వెట్టుకో" అన్నారు. ఆవిడ కూర్చున్నారు. ఆయన పక్కన కూర్చుని గోత్రం చెప్పారు. పంతులుగారు బాబు వేలు పట్టి బియ్యంలో ఓంకారం దిద్దించారు. నేను వేసిన అడుగు వెనక్కి తీసుకుని చెప్పులున్న వైపు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఘాట్ మెట్ల మీద తల్లీకొడుకులు నీళ్ళలో పాదాలు పెట్టి ఆడుకుంటున్నారు. పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. "సారూ, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. మీరు పిలగాని కోసం వస్తున్రా, వాళ్ళమ్మ కోసమా?"

"ఇద్దరి కోసం" అన్నాను. తెలివైన జవాబనుకున్నాను. ఆయన నీళ్ళవైపే చూస్తూ, "గట్లయితే అడగాల్సింది పిలగాన్ని కాదు గద" అన్నారు. కాసేపాగి, "మా కొడుకు గుర్తు మాకు వాడొక్కడే" అన్నారు. అది బెదిరింపు కాదు, దీవెన అంతకన్నా కాదు. ఆ రోజు నేను ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆ చివరిమాట నన్ను వదల్లేదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం అనగానే మనకు విద్యాసాగరుడు గుర్తొస్తాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన తొలి పెళ్ళి గుర్తొస్తుంది. ఆ పెళ్ళికూతురు బాలవితంతువు. అయితే ఆ చట్టంలోనే మరో రెండు సెక్షన్లున్నాయి. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో ఆమె హక్కు పోతుందని రెండవది. బిడ్డల సంరక్షకత్వం తనకే ఇస్తూ భర్త వీలునామా రాసిపోకపోతే, అతని తరఫు వారు వేరొకరిని నియమించమని కోర్టుకెళ్ళవచ్చని మూడవది. ఒక చేత్తో తాళి ఇచ్చి రెండో చేత్తో బిడ్డను అడిగినట్టుంది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. భయాన్ని ఎవరు రద్దు చేస్తారు?

2022 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళినదే. భర్త పోయిన ఒక తల్లి మళ్ళీ పెళ్ళాడి బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టింది. తాతానాయనమ్మలు కోర్టుకెళ్ళారు. కాగితాల్లో ఆ రెండో భర్తను "మారుతండ్రి" అనే రాయాలన్నది హైకోర్టు. అది దాదాపు క్రూరమన్న సుప్రీంకోర్టు, ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనంది. న్యాయం తల్లి పక్షానే ఉందని నాకూ తోచింది. అయినా ఆ తీర్పు చదువుతున్నంతసేపూ ఘాట్ మెట్ల మీది పెద్దాయన ముఖమే కనిపించింది.

పదిహేను రోజుల తర్వాత, ఆఫీసు వదిలాక, బస్టాండులో అడిగాను. బాబు పేరు ఎత్తలేదు. "మీరంటే నాకిష్టం. పెళ్ళి ఆలోచన మీకుంటే నన్నూ తలుచుకోండి. లేదంటే రేపు ఆఫీసులో అంతా మామూలే, ముఖం చాటేయాల్సిన పని మీకుండదు" అన్నాను. ముందురోజు అద్దం ముందు చెప్పుకున్న వాక్యాలు, సగం తప్పుగా వచ్చాయి.

ఆవిడ చాలాసేపు బస్సుల బోర్డులు చదివారు. "బాసరలనే అడుగుతరేమో అని భయపడ్డ" అన్నారు. "వాని ఇంటిపేరు మారది. ముందే చెప్తున్న." సరేనన్నాను. "మా అత్తమామల ఇల్లు నేను ఇడిచిపెట్టలేను." దానికి వెంటనే సరే అనలేకపోయాను. అనకపోవడాన్ని ఆవిడ గమనించారు, తప్పుపట్టలేదు. "శనివారాలు కొన్నాళ్ళు రాకండి. మీరొస్తుంటే నాకు ఆలోచన సాగది" అని బస్సెక్కారు.

ఏడు వారాలయింది. వెళ్ళలేదు. ఆఫీసులో అంతా మామూలే, లేదా మామూలులాగే ఉన్నాం.

నిన్న సాయంత్రం బాబు ఫోన్ చేశాడు. అక్షరాలు ఊ దాకా వచ్చాయట. ఋ కి కొమ్ములెన్ని అని ప్రశ్న. "అమ్మనడుగు నాన్నా" అన్నాను.

"అమ్మనే మిమ్మల్ని అడగమన్నది" అన్నాడు.