ఏడాది పావురాలకు ఏ పద్ధతి?

ఉద్యోగరీత్యా స్వస్థలానికి దూరంగా నివసించేవారికి ఏదో ఒక వ్యాపకం అవసరం. ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన మా దంపతులకు అటువంటి వ్యాపకంగా లభించినవి పందెపు పావురాలు. మేడమీద ఒక చెక్క గది, అందులో వరుసగా అమర్చిన అరలు, ఒక గోడ గడియారం, ఒక నోటు పుస్తకం మా సంపద. పండుగలకు ఊరు వెళ్ళాలన్నా, గింజలు వేసేవారు దొరికిన తరువాతనే రైలు టిక్కెట్టు కొనవలసి ఉంటుంది.

పావురాలంటే కేవలం కాలక్షేపమని భావించేవారికి మన పొరుగు రాష్ట్ర చరిత్రను గుర్తుచేయాలి. 1946లో సైన్యం అందజేసిన 200 పావురాలతో ఒడిశా పోలీసు శాఖ కపోత సందేశ సేవను ప్రారంభించింది. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న కోరాపుట్ జిల్లాలోనే దానికి అంకురార్పణ జరిగింది. 1948 ఏప్రిల్‌లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సంబల్‌పూర్ నుండి కటక్‌కు పంపిన సందేశాన్ని ఒక పావురమే చేరవేసింది. 1982 వరదలలోను, 1999 నాటి పెను తుపాను సమయంలోను, తంతి తీగలు, టెలిఫోన్లు మూగబోయిన చోట ఆ పక్షులు వార్తలు మోశాయి. ఆ సేవ అవసరం నేడు తీరిపోయినప్పటికీ, బెల్జియన్ హోమర్ జాతికి చెందిన ఆ పావురాల సంతతిని కటక్‌లో ఇప్పటికీ పోషిస్తున్నారు.

పందెపు విధానం సులభమైనదే. పావురాలను గంపలలో దూర ప్రాంతానికి చేర్చి ఒకేసారి వదులుతారు. ఎవరి గూడు ఎంత దూరమో ముందుగానే కొలిచి ఉంచుతారు. ఆ దూరాన్ని ప్రయాణానికి పట్టిన నిమిషాలతో భాగిస్తే వేగం తెలుస్తుంది. 125 కిలోమీటర్లను 125 నిమిషాలలో చేరిన పక్షి వేగం నిమిషానికి 1,000 మీటర్లు. ఇంత ఖచ్చితమైన లెక్క వెనుక ఒక అంతుచిక్కని ప్రశ్న దాగి ఉన్నది. ఆ పక్షి ఇంటికి త్వరపడి రావడానికి కారణమేమిటి? సూర్యుని గమనము, భూమి అయస్కాంత క్షేత్రము దానికి దారి చూపుతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. కాని దారి తెలిసినంత మాత్రాన తొందర కలుగదు. ఆ తొందరను కలిగించే ఉపాయాలనే పెంపకందారులు ‘పద్ధతులు’ అంటారు.

గత శీతకాలంలో మా వద్ద ఆరు జతల ఏడాది పావురాలు పందేనికి సిద్ధమయ్యాయి. వీటి విషయంలో పద్ధతి ఎన్నిక అంత తేలిక కాదు. ఏడాది పావురం పిల్లా కాదు, పూర్తిగా ఎదిగిన పక్షీ కాదు. దానికి జోడు కొత్త, గుడ్లు కొత్త, తన అర అనే మమకారము కొత్తదే.

మా ముందున్నవి ప్రధానంగా మూడు మార్గాలు. మొదటిది సహజ పద్ధతి. జంటను విడదీయకుండా గూటిలోనే ఉంచి, గుడ్లమీద గాని పసి పిల్లలమీద గాని ఉన్న మమకారమే వాటిని వెనుకకు రప్పించేటట్లు చూడడం. రెండవది బెల్జియం దేశంలో ప్రసిద్ధికెక్కిన పద్ధతి. ఆంగ్లంలో దానికున్న పేరును తెలుగు చేస్తే ‘వైధవ్యం’ అవుతుంది. జోడు సజీవంగా ఉండగా ఆ మాట పలకడానికి మనసొప్పక మేము ‘వియోగ పద్ధతి’ అని పిలుచుకుంటాము. ఇందులో పెట్టను వేరుచేసి, పోతును ఒంటరిగా దాని అరలో ఉంచుతారు. పందేనికి పంపేముందు కొద్ది నిమిషాలు పెట్టను చూపుతారు. పోతు తిరిగి వచ్చేసరికి పెట్ట అరలో ఎదురుచూస్తూ ఉంటుంది. మూడవది, పోతులను, పెట్టలను అసలు జోడు కట్టనీయకుండా వేర్వేరు గదులలో పెంచడం.

గెలుపును మాత్రమే లెక్కిస్తే వియోగ పద్ధతికే ఎక్కువమంది ఓటు వేస్తారు. ప్రతి వారమూ పోతును ఒకే ఉత్సాహంతో పంపగల సౌలభ్యం అందులో ఉన్నది. మా ఇద్దరిలో ఒకరి అభిప్రాయమూ అదే. రెండవవారు అందుకు సమ్మతించలేదు. ఆ అసమ్మతికి మా జీవితంలోనే మూలం ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం మాలో ఒకరికి దూర ప్రాంతపు ప్రాజెక్టుకు బదిలీ అయింది. పిల్లల చదువు నిమిత్తం రెండవవారు క్వార్టర్సులోనే ఉండవలసి వచ్చింది. నాలుగు నెలలకు ఒక్కసారి రైలు దిగడం, రెండు రోజులలో తిరిగి రైలెక్కడం. ఈ పత్రిక పాఠకులలో అనేక కుటుంబాలకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. “ఎడబాటు మనిషిని ఇంటివైపు వేగంగా నడిపిస్తుందన్న మాట నిజమే. అంతమాత్రాన దానిని పనిగట్టుకొని కల్పించాలా?” అన్నది ఆ రెండవవారి ప్రశ్న.

మొదటివారి జవాబులోనూ న్యాయం లేకపోలేదు. సహజ పద్ధతిలో మాత్రం మనము చేసేదేమిటి? పొదుగుతున్న తల్లిని గుడ్లమీద నుండి లేపి గంపలో పెట్టడమే కదా! పక్షి మమకారాన్ని వాడుకొనడం రెండింటిలోనూ సమానమే.

చివరకు నిర్ణయం చేసినది మా పరిస్థితులే. వియోగ పద్ధతికి పెట్టలను పోతుల కంటికి, చెవికి దూరంగా ఉంచే మరొక గది కావాలి. మాకున్నది ఒక్కటే గది. పైగా, తన అర ఏదో పూర్తిగా నిశ్చయించుకొనని ఏడాది పోతు, పెట్ట కనుమరుగైతే కలత చెంది, పందేనికి ముందే తన శక్తిని వృథా చేసుకొనే ప్రమాదం ఉన్నది. అందుచేత ఈ ఏడాదికి సహజ పద్ధతినే అవలంబించాము.

ఆరు జతలను ఒకే రోజున జోడు కట్టించాము. గుడ్లు రెండు మూడు రోజుల తేడాతో వచ్చాయి. పావురం గుడ్డు పొదగడానికి 17, 18 రోజులు పడుతుంది. పదవ రోజు ప్రాంతంలో పెట్టకు గూటిమీద మక్కువ హెచ్చుగా ఉంటుంది. రాత్రంతా పెట్ట పొదుగుతుంది. ఉదయం పొద్దెక్కాక పోతు ఆ బాధ్యత స్వీకరించి సాయంకాలం వరకు కూర్చుంటుంది. కనుక తెల్లవారుజామున పెట్టలను తీసికొనిపోయినా గుడ్లు చల్లబడే భయం తక్కువ. జతలో ఒకదానినే పంపాలన్నది మా నియమం.

అయిదు, పది, ఇరవై కిలోమీటర్ల అభ్యాసాల తరువాత ఘాట్‌శిల, ఆ పిమ్మట ఖరగ్‌పూర్. ఖరగ్‌పూర్ నుండి మా మేడకు సరళరేఖలో సుమారు 125 కిలోమీటర్లు. పొగమంచు పూర్తిగా విడిపోయిన తరువాతనే ఆరు పెట్టలను వదిలాము. మొదటిది రెండు గంటల అయిదు నిమిషాలలో వాలింది. మధ్యాహ్నానికి అయిదు చేరాయి. ఆరవది రాలేదు. డేగ తన్నుకుపోయినదో, విద్యుత్తు తీగ తగిలినదో తెలియదు.

దాని జోడు ఆనాడు పొదిగే వేళ దాటిపోయినా లేవలేదు. చీకటి పడింది. గింజలు వేసినా దిగి రాలేదు. అప్పటికే దీపం వెలుగులో పరీక్షించగా మరొక జత గుడ్లు వట్టివని తేలి ఉన్నది. మరునాడు ఉదయం ఈ రెండు గుడ్లను ఆ జత క్రిందికి మార్చాము. అన్ని జతలనూ ఒకే రోజున కలపడంలోని ప్రయోజనం అప్పుడు ప్రత్యక్షంగా తెలిసింది. తేదీలు సరిపోయాయి గనుకనే ఆ పెంపుడు తల్లిదండ్రుల గొంతులో సకాలంలో పాలు ఊరాయి, పిల్లలు రెండూ దక్కాయి.

ఏ పద్ధతీ ఆకాశంలోని ఆపదను తప్పించలేదు. ఇంటి వద్ద ఎవరు ఎదురుచూడాలో మాత్రమే అది నిర్ణయిస్తుంది. ఈ సంగతి గ్రహించిన తరువాత మా ఇద్దరి వాదన కొంత మెత్తబడింది. వచ్చే ఏడు ఆ పోతులు రెండేళ్ళవి అవుతాయి. వాటి అరలు వాటికి దృఢపడతాయి. రెండవ గది సమకూరితే మూడింటిని వియోగ పద్ధతిలో, మూడింటిని సహజ పద్ధతిలో పరీక్షించాలని ఒడంబడిక చేసుకున్నాము.

ఈ వ్యాపకంలో ప్రవేశించదలచిన మిత్రులకు మా మనవి ఒక్కటే. బహుమతి పొందినవారి పద్ధతిని అనుకరించే ముందు మీకున్న గదులెన్నో, డ్యూటీ వేళలు ఏమిటో, పక్షి వయస్సు ఎంతో లెక్క చూసుకొనండి. ఎనిమిదవ రోజున ఆ పిల్లలిద్దరి కాళ్ళకు వలయాలు తొడిగి, మా పుస్తకంలో వాటి సంఖ్యల ప్రక్కన కన్నతల్లి సంఖ్యను కూడా వ్రాసి ఉంచాము.