వెనకున్న బరువు

మా రాయచోటి, కడప వైపు ముస్లిం ఇళ్లల్లో కువైట్‌తో రిష్తా లేనివి తక్కువ. ఖాదిం వీసా మీద పోయి డ్రైవర్లయినవాళ్లు మా ఖాందాన్‌లోనే నలుగురం. మేం ఏసీ కార్లు తోలుకుంటూ ఉంటామని ఊళ్లో అనుకుంటారు. నవంబర్ నుంచి మార్చి దాకా కువైటీలు ఎడారిలో ఖైమాలు వేసుకుంటారని, ఆ సామానంతా మేమే చేరవేయాలని చాలామందికి తెలీదు. పికప్‌ను అక్కడ వానేట్ అంటారు. దాని వెనక ట్రైలర్ తగిలించి జనరేటర్, ఇనుప కడ్డీలు, నీళ్ల ట్యాంకు లాక్కుపోవాలి.

లాగడం ముష్కిల్ కాదు, ఇంజను లాగుతుంది. ఆపడమే ముష్కిల్. మనం బ్రేకు తొక్కినా వెనకున్న బరువు ముందుకు తోస్తూనే ఉంటుంది. నీళ్లు చూడ్డానికి తేలిక, కానీ వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. సగం నిండిన ట్యాంకు ఇంకా ఖతర్నాక్. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు పొర్లి బండిని ఈడుస్తాయి.

సామాను సర్దడానికీ ఒక హిసాబ్ ఉంది. బరువులో సగానికి పైగా ట్రైలర్ ఇరుసుకు ముందు ఉండాలి. మొత్తంలో పదో వంతుకు తగ్గకుండా హుక్కు మీద పడాలి. వెనక ఎక్కువైతే స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు గాభరాపడి బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. స్టీరింగ్ నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలి.

బయల్దేరే ముందు బాల్, కప్పు ఒకే సైజేనా, పిన్ను పడిందా, గొలుసులు కింద అడ్డంగా దాటించి కట్టామా, లైట్లు వెలుగుతున్నాయా చూడాలి. ఎండాకాలమంతా నిలబెట్టిన ట్రైలర్ టైర్లు పగిలి ఉంటాయి, వాటినీ చూడాలి. దీనికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు అడగడానికే జిగర్ కావాలి. బాబా "యల్లా, యల్లా" అంటుంటాడు. ఖాదింకి కాదనే హక్ ఎక్కడిదని మన పిల్లలు నోరు మూసుకుంటారు. ఏదన్నా అయితే స్టీరింగ్ ముందున్నవాడి జాన్ పోతుంది, లేదా లైసెన్స్ పోతుంది. అందుకే నేను కాదనను, "బాబా, రెండు ట్రిప్పులు వేస్తా" అంటాను. ఒకసారి కసురుకున్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు.

ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మన హుజూర్ నేర్పారు. గొలుసు కట్టకుండా బిస్మిల్లా అని బయల్దేరితే అది తవక్కుల్ కాదు.

ఇంట్లోవాళ్లకు ఒక గుజారిష్. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, కాబట్టి గురువారం సాయంత్రం ట్రైలర్ పని ఎక్కువ. ఆ పూట బేటా ఫోన్ ఎత్తకపోతే పరేషాన్ అవ్వకండి, మళ్లీ మళ్లీ చేయకండి. చేరినాక తనే చేస్తాడు, ఇన్షా అల్లా.